అంకయ్యగారి విమానం

"మళ్ళీ డకోటా అన్నాడు చూడమ్మా! వీడికి ప్రతి విమానమూ డకోటాయే!"

కిరణ్మయి సోఫాలో బోర్లా పడుకుని, అమ్మ ఫోన్ చేత్తో పట్టుకుని పకపకా నవ్వింది. ఆదివారం మధ్యాహ్నం. ఢిల్లీ జనక్‌పురిలో అప్పుడే ఆగస్టు వాన కురిసి వెలిసింది. బాల్కనీలో ఆరేసిన బట్టలు మళ్ళీ ముద్దగా తడిసిపోయాయి. వాటిని పిండుతున్న సుభాషిణికి డకోటాలూ గికోటాలూ తలకెక్కలేదు.

"ఎవరినే వీడూ వాడూ అంటున్నావు?"

"మా గ్రూపులో కాన్పూర్ అంకుల్‌నమ్మా. డెబ్బై ఏళ్ళుంటాయి. అయినా తప్పు తప్పేగా!"

పదకొండేళ్ళ పిల్లకి అంత నోరా అని మీరనుకోవచ్చు. అనుకోండి, నేనూ అనుకున్నాను. కానీ ఆ పిల్ల నోటికి ఓ కారణం ఉంది. రెండేళ్ళ కిందట పాలం మ్యూజియంలో పాత విమానాలు చూసినప్పటి నుంచి దానికి అదే పిచ్చి. "పురానే పంఖ్", అంటే పాత రెక్కలు, అని ఒక ఆన్‌లైన్ గ్రూపు ఉంది. పాత ట్రంకుపెట్టెల్లోంచీ, చిత్తుకాగితాల దుకాణాల్లోంచీ దొరికిన విమానాల ఫోటోలు అందులో పెడతారు. కిటికీలు, చక్రాలు, తోక చూసి అది ఏ విమానమో చెప్పాలి. ఎవరికీ తెలియని విమానమైతే మరీ సరదా.

ఆ ఆటకి ఒక పద్ధతి ఉంది. పూర్తిగా నమ్మకం లేకపోతే పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టాలి. రుజువులు సరిపోతే వాసవి ఆంటీ పచ్చ టిక్కు పెడుతుంది. ఆవిడ హైదరాబాదులో ముప్ఫై ఏళ్ళు విమానాల రిపేరు షెడ్డులో పనిచేసి, ఇప్పుడు గురుగ్రామ్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. పెద్దవాళ్ళకే పదీ పదిహేనూ టిక్కులుంటే కిరణ్మయికి నలభై ఒకటి ఉన్నాయి. ప్రశ్నార్థకం పెట్టడం అది ఎప్పుడో మానేసింది.

"ఆ ఫోన్ పక్కన పెట్టి, ఈ గోంగూర పచ్చడి కింద మూర్తి తాతగారింట్లో ఇచ్చిరా" అంది సుభాషిణి.

కింది ఫ్లాటులో రాధాకృష్ణమూర్తిగారు ఉంటారు. సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. భార్య పోయింది. అక్కయ్య తాయారమ్మగారు ఆయనతోనే ఉంటుంది. ఆవిడకి ఎనభై ఏళ్ళు. గుంటూరు వైపు మాట, ఢిల్లీ మోకాళ్ళ నొప్పి.

ఆ రోజు ఆవిడ మంచం దిగలేక, "లోపలికే రావే అమ్మాయ్!" అని కేకేసింది. కిరణ్మయి ఆ గదిలోకి వెళ్ళడం అదే మొదలు. గోడ మీద ఒక పాత ఫోటో కనిపించింది. చొక్కా చేతులు మడిచిన ఒకాయన నవ్వుతూ నిలబడ్డాడు. ఆయన వెనక విమానం.

పచ్చడి డబ్బా ఎక్కడ పెట్టిందో కూడా చూసుకోలేదు కిరణ్మయి.

"బామ్మగారూ! ఇది ఎవరి విమానం?"

"విమానం కంపెనీదే పిచ్చిపిల్లా. మనిషి మాత్రం మా నాన్న. అంకయ్య."

ఆవిడ మెల్లగా లేచి కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టింది.

అంకయ్యగారు విమానాల మెకానిక్కు. యుద్ధం రోజుల్లో పని నేర్చుకుని, తర్వాత ఒక చిన్న ప్రైవేటు కంపెనీలో చేరాడు. అస్సాం వైపు బియ్యం, ఉప్పు మోసే విమానాలవి. 1952లో ఈ ఫోటోతో పాటు ఒక ఉత్తరం రాశాడు. "నన్ను ఈ విమానానికే వేశారు. ఇది ఎక్కడికి పోతే నేనూ అక్కడికే" అని. అదే ఆఖరి ఉత్తరం. నాలుగైదు నెలలకి ఆయనతో పనిచేసిన ఒకతను ఇంటికి వచ్చి, విమానం కొండల్లో పడిందనీ మనుషులు దొరకలేదనీ చెప్పి వెళ్ళాడు. ఏ రోజు పడిందో అతనికీ తెలియదు. ఆ తర్వాత కంపెనీయే మూతపడింది.

"నాకప్పుడు ఏడేళ్ళు. తమ్ముడు ఒళ్ళో పిల్లాడు. వాడికి నాన్న మొహమే తెలీదు" అంది తాయారమ్మగారు.

"మరి తద్దినం ఎప్పుడు పెడతారు?"

"మహాలయ అమావాస్యకి. ఏ రోజు పోయారో తెలీని వాళ్ళందరికీ ఆ రోజేనమ్మా. అందరూ ఒక్కసారే వస్తారట, అన్నానికి. ఆ గుంపులో మా నాన్నకి చోటు దొరికిందో లేదో అని నాకు బెంగ. డెబ్బై ఏళ్ళ నుంచీ అదే బెంగ. ఆయనకంటూ ఒక రోజు ఉంటే నేను హాయిగా కళ్ళు మూద్దును."

కిరణ్మయి ఒక్క గెంతు గెంతింది. "దొరుకుతుంది బామ్మగారూ! ఏ విమానమో తెలిస్తే ఎప్పుడు పడిందో లిస్టుల్లో ఉంటుంది. నేను చెప్తాగా!"

ముసలావిడ దాని వైపు చూసిన చూపు ఎలాంటిదంటే, ఎవరైనా ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. మన పిల్ల ఆగలేదు.

ఫోన్ తెచ్చి ఫోటో తీసింది. ఫ్రేములో ఫోటో చుట్టూ వెడల్పాటి నల్ల అట్ట ఉంది. విమానం తోక అసలే ఫోటోలో పడలేదు. రెక్క వెనక అంచు కూడా అట్ట కింద దాగింది.

"ఫ్రేములోంచి తీసివ్వనా?" అంది తాయారమ్మగారు. "మేకులు తుప్పు పట్టాయి. తమ్ముడు బజారు నుంచి రాగానే పట్టకారుతో పీకిస్తాను. కాసేపు కూర్చో."

"అక్కర్లేదు. ఇది చాలు!" అని పైకి పరిగెత్తింది.

ఇంటికొచ్చి ముందు ఫోటో చూసిందా? లేదు. ముందు లిస్టు చూసింది. ఎవరో ఓపికమంతులు తయారుచేసిన పాత విమాన ప్రమాదాల లిస్టు అది. ఆ కంపెనీ దగ్గర రెండే విమానాలున్నాయి. ఒకటి డకోటా, ఇంకోటి లోడ్‌స్టార్. లోడ్‌స్టార్ చివరికి ఏమైందో రాయలేదు, గీత గీసి వదిలేశారు. డకోటాకి మాత్రం 1952 నవంబరు 12న కొండల్లో పడిందనీ, నలుగురు పోయారనీ రాసి ఉంది. పేర్లు లేవు.

అప్పుడు తీసి చూసింది ఫోటోని. జవాబు ముందే చేతిలో ఉంటే కంటికి అదే కనిపిస్తుంది కదా. దానికి డకోటా కనిపించింది.

గ్రూపులో కథంతా రాసి, కింద "డకోటా" అని పెట్టింది. ప్రశ్నార్థకం లేదు.

అందరికంటే ముందు కాన్పూర్ అంకుల్ జవాబిచ్చాడు. "బేటీ, ఈ ఒక్కటి మాత్రం నాకు డకోటా అనిపించడం లేదు. కిటికీలు మరీ దగ్గరగా ఉన్నాయి." కిరణ్మయికి నవ్వొచ్చింది. అన్నిటినీ డకోటా అనేవాడు అసలు డకోటాని కాదంటాడేమిటి!

సాయంత్రం వాసవి ఆంటీ ఫోన్ చేసింది.

"కిరణ్, రెక్క వెనక అంచు కనిపిస్తే గానీ నేను చెప్పలేను. ఫ్రేములోంచి బయటికి తీసే తీశావా ఈ ఫోటో?"

మళ్ళీ కిందికి వెళ్ళాలి. పట్టకారు, మేకులు, గంటసేపు. ఈలోగా వేరే ఎవరైనా చెప్పేస్తే?

"తీసే తీశానాంటీ. ఫోటో అంతే ఉంది."

"పక్కా?"

"పక్కా!"

"అచ్ఛా. చూసినదానివి నువ్వు. నీ మాట మీద పెడుతున్నాను మరి."

నలభై రెండో టిక్కు పడింది. కిరణ్మయి రెండేసి మెట్లు దూకుతూ కిందికి పోయింది.

మూర్తిగారు తేదీ విని కళ్ళజోడు తీశారు. మళ్ళీ పెట్టుకున్నారు. కళ్ళు తుడుచుకుంటూ పిల్ల తల మీద చెయ్యి వేశారు. డెబ్బై మూడేళ్ళ మనిషి అలా నిలబడి ఏడుస్తుంటే కిరణ్మయికి భయమూ వేసింది, గర్వంగానూ అనిపించింది.

గుడి నుంచి పంతులుగారు పాత పంచాంగం చూసి ఫోన్‌లో చెప్పారు. ఆ రోజు కార్తిక బహుళ దశమి. "తిథి తెలిసింది కనక ఇక నుంచి తద్దినం ఆ రోజు పెట్టండి. ముందొచ్చే మహాలయ పక్షంలో కూడా దశమి నాడే పెట్టాలి. అమావాస్యకి మీరిక పెట్టక్కర్లేదు" అన్నారు.

"అమావాస్యకి అక్కర్లేదట!" అని తాయారమ్మగారు ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది. చెల్లెలి వరసావిడకి ఫోన్ చేసి మరీ చెప్పింది. తెలుగు కేలండర్ తెప్పించి నవంబరు కాగితం తీసి, "నువ్వే రాయవే బంగారం, నీ చేత్తో" అంది. కిరణ్మయి దశమి గడిలో వంకర అక్షరాలతో "అంకయ్యగారి తిథి" అని రాసింది.

*

సెప్టెంబరులో మహాలయ పక్షం వచ్చింది. మంగళవారం దశమి.

స్కూలు నుంచి రాగానే కిరణ్మయి యూనిఫాంతోనే కిందికి వెళ్ళింది. కార్యక్రమం మధ్యాహ్నమే అయిపోయింది. ఇల్లంతా గారెల వాసన. హాల్లో పీట మీద అంకయ్యగారి ఫోటో పెట్టి దండ వేశారు. పాత ఫ్రేము కాదు. మూర్తిగారు దాన్ని విప్పించి, స్టూడియోలో ఇంత పెద్దది చేయించారు. నల్ల అట్ట లేదు. ఫోటో మొత్తం కనిపిస్తోంది.

కిరణ్మయి దగ్గరికి వెళ్ళి చూసింది.

అంకయ్యగారి భుజం వెనక, రెక్క వెనక అంచు నుంచి చిన్న చిన్న కొమ్ములు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు. దిగేటప్పుడు రెక్క వెనక పలక జారి బయటికి రావడానికి పెట్టే పట్టాలు అవి. లోడ్‌స్టార్‌కి ఉంటాయి. డకోటాకి ఉండవు. ఆ సంగతి కిరణ్మయికి తొమ్మిదో ఏటి నుంచే తెలుసు.

మళ్ళీ లెక్కపెట్టింది. అవే మూడు.

"ఇదిగో, ఈ పిల్లేనండీ!" అని మూర్తిగారు ఎవరికో చూపిస్తున్నారు. "పెద్ద పెద్ద ఆఫీసులకి ఉత్తరాలు రాసి రాసి అలిసిపోయాను. మా నాన్నకి రోజు ఇచ్చింది ఈ పిల్ల."

"తిను తల్లీ" అని తాయారమ్మగారు రెండు గారెలు పెట్టి ప్లేటు చేతికిచ్చింది. "ఇవాళ మా నాన్న ఒక్కడే వచ్చి కూర్చుని తిన్నాడు. తోపులాట లేదు. రాత్రికి నాకు నిద్ర పడుతుంది."

గారె కొరికింది, ప్లేటు పక్కన పెట్టింది. తేలు కుట్టిన దొంగలా ఇంటికి వచ్చేసింది.

బుధవారం గడిచింది. గురువారం గడిచింది. ఏం చేసింది కిరణ్మయి? ఏమీ చేయలేదు. స్కూలుకెళ్ళింది, వచ్చింది. గ్రూపు తెరవలేదు. కింది ఫ్లాటు తలుపు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా ఎక్కింది. చెబితే ఏమవుతుంది? ముసలావిడ ఏడుస్తుంది. తాతగారి మొహం ఎలా చూడాలి? చెప్పకపోతే? ఎవరికీ తెలియదు. వాళ్ళు సంతోషంగానే ఉంటారు. టిక్కు కూడా ఉంటుంది. ఇలా అనుకుని పడుకునేది. నిద్ర వచ్చేది కాదు.

శుక్రవారం అన్నం తింటూ ఉండబట్టలేక అడిగింది.

"అమ్మా, తద్దినం తప్పు తిథికి పెడితే ఏమవుతుంది?"

"పెట్టినట్టు కాదంటారు. వాళ్ళు వచ్చేది వాళ్ళ రోజునే కదా."

"వచ్చిన రోజు ఎవరూ పెట్టకపోతే?"

"ఆకలితో తిరిగి వెళ్ళిపోతారని మా అమ్మమ్మ అనేది. ఎందుకే?"

"ఊరికే."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆదివారం అమావాస్య. ఇన్నేళ్ళూ అంకయ్యగారికి ఎక్కడో ఒక మూల ఒక విస్తరి పడేది. ఈసారి ఆయన వస్తాడు, అలవాటు ప్రకారం. తాయారమ్మగారి తలుపు ముందు నిలబడతాడు. లోపల ఎవరూ ఏమీ వండరు. మంగళవారమే పెట్టేశామని అనుకుంటారు. ఉన్న ఒక్క రోజూ తన వల్లే పోయింది.

చెయ్యి కడుక్కుని వెళ్ళి వాసవి ఆంటీకి మెసేజి పెట్టింది. మంగళవారం మూర్తిగారు అమ్మకి పంపిన పెద్ద ఫోటో జతచేసింది. "ఆంటీ, ఇది లోడ్‌స్టార్. ఆ రోజు నేను ఫ్రేము తీయలేదు. తీశానని అబద్ధం చెప్పాను."

వెంటనే ఫోన్ మోగింది.

"వాళ్ళకి చెప్పావా?" అంది వాసవి ఆంటీ. హలో కూడా అనలేదు.

"లేదాంటీ."

"టిక్కు తీసేస్తున్నాను. నీ మాట మీద ఇంకెప్పుడు పెడతానో నాకే తెలీదు. అది నాతో పని. వాళ్ళతో పని ఉంది చూడు, అది నేను చెయ్యలేను, మీ అమ్మా చెయ్యలేదు."

"భయమేస్తోందాంటీ."

"వెయ్యాలి" అని ఆవిడ పెట్టేసింది.

ఆ రాత్రికి వెళ్ళలేకపోయింది. శనివారం పొద్దున వెళ్ళలేకపోయింది. సాయంత్రం అమ్మకి అంతా చెప్పింది. సుభాషిణి పొయ్యి ఆపి వచ్చి కూర్చుంది. "నేనూ రానా?" అంది.

"వద్దు. నేనే వెళ్తాను."

మూర్తిగారు పేపరు చదువుతున్నారు. తాయారమ్మగారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. "ఏమే, నాలుగు రోజులై నల్లపూస అయిపోయావు!" అని నవ్వింది.

కిరణ్మయి కూర్చోలేదు.

"తాతగారూ, అది డకోటా కాదు. మీ నాన్నగారిది లోడ్‌స్టార్. నవంబరు పన్నెండున పడింది వేరే విమానం. లోడ్‌స్టార్ ఏమైందో ఎక్కడా రాయలేదు. ఆ తిథి మీ నాన్నగారిది కాదు."

మూర్తిగారు పేపరు దించారు.

"అంటే?" అన్నారు మూర్తిగారు.

"ఆ రోజు నేను ఫ్రేము విప్పించకుండానే చెప్పేశాను. విప్పానని వాసవి ఆంటీకి అబద్ధం చెప్పాను. మొన్న మంగళవారం మీ పెద్ద ఫోటో చూడగానే తెలిసిపోయింది. అయినా చెప్పలేదు."

"మంగళవారమే తెలుసా నీకు?"

"తెలుసు."

"నేను అందరికీ చెప్పుకుంటుంటే... పక్కనే నిలబడి గారెలు తిన్నావు!" ఆయన పేపరు కింద పడేశారు. కిరణ్మయి ఆయన గొంతు అంత పెద్దగా ఎప్పుడూ వినలేదు. "ఎవరిని అడిగి చెప్పావు అసలు? నీకు ఆటా ఇది? మా నాన్న నీకు ఆటా? వెళ్ళు! ఇంటికి వెళ్ళు!"

వెళ్ళిపోతే బాగుండుననిపించింది. కానీ అసలు మాట ఇంకా నోట్లోనే ఉంది.

"రేపు అమావాస్య తాతగారూ. రేపు పెట్టకపోతే ఆయన..." ఆపైన ఏడుపు వచ్చేసింది.

తాయారమ్మగారు ఈనెలు తీయడం ఎప్పుడో ఆపేసింది. చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుని ఉంది.

"మా నాన్న మళ్ళీ ఆ గుంపులోకే పోయాడా" అంది మెల్లగా. ఎవరినీ అడగలేదు. తనలో తనే అనుకుంది. కిరణ్మయికి తాతగారి కేకల కంటే ఆ మాటే ఎక్కువ నొప్పి పెట్టింది.

ఆవిడ చిక్కుడుకాయ కింద పెట్టి, "ఆ కేలండర్ తే" అంది.

తెచ్చింది.

"నువ్వే రాశావు. నువ్వే కొట్టెయ్."

కిరణ్మయి నవంబరు కాగితం తిప్పి, పెన్నుతో కొట్టేసింది. వంకర అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయని మళ్ళీ కొట్టింది. కాగితం చిరిగింది.

"చాల్లే" అంది తాయారమ్మగారు. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "అరిచింది చాలు. పంతులుగారికి ఫోన్ చెయ్యి. రేపటికి కూరగాయలేమున్నాయో చూడు. తిట్టేది ఉంటే ఎల్లుండి తిడుదువు గాని."

*

ఆదివారం పొద్దున్నే సుభాషిణి కూరగాయల సంచీ పట్టుకుని, కిరణ్మయి చేత అరటాకులు పట్టించుకుని కిందికి వచ్చింది. మూర్తిగారు తలుపు తీసి, పిల్లని చూసి, పక్కకి జరిగారు. మాట్లాడలేదు. ఆ రోజంతా మాట్లాడలేదు. మాట్లాడరని తెలిసే కిరణ్మయి వచ్చింది.

పంతులుగారు పీట వేసుకుంటూ ఆశ్చర్యపోయారు. "మీ నాన్నగారిది దశమి కదండీ? మంగళవారమే అయింది కదా. మళ్ళీ ఇదేమిటి?"

మూర్తిగారు దర్భలు సర్దుతూ తలెత్తలేదు. వచ్చిన ఇద్దరు చుట్టాలూ ఆయన వైపు చూశారు. కిరణ్మయి వంటింటి గుమ్మం దగ్గర నుంచి ముందుకి వచ్చింది.

"దశమి కాదండీ. నేను తప్పు చెప్పాను. చూడకుండా చెప్పాను. ఆయన ఏ రోజు పోయారో తెలియదు."

అందరూ దాని వైపు తిరిగారు. దాని మొహం కందగడ్డలా అయిపోయింది. అయినా లోపలికి పరిగెత్తలేదు. పంతులుగారు "ఊఁ" అని, మంత్రం మొదలుపెట్టారు. పేరు తెలియనివారికి, తిథి తెలియనివారికి అని చెబుతున్నప్పుడు తాయారమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అంతా అయ్యేసరికి మధ్యాహ్నం రెండయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. తాయారమ్మగారు మోకాళ్ళు చాపుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. ఎదురుగా ఫోటో ఉంది. విస్తళ్ళు తీస్తున్న కిరణ్మయిని దగ్గరికి పిలిచింది.

"ఒకమాట చెప్పవే. ఆ రోజు పడింది మా నాన్న విమానం కాదన్నావు కదా."

"కాదు బామ్మగారూ."

"మరి ఈ విమానం పడినట్టు ఎక్కడా రాసి లేదన్నావు."

"లేదు. అక్కడ గీత గీసి వదిలేశారు."

ఆవిడ కళ్ళు ఒక్కసారి చిన్నపిల్ల కళ్ళయిపోయాయి. గొంతు తగ్గించింది, పక్క గదిలో ఉన్న తమ్ముడికి వినపడకూడదన్నట్టు.

"అయితే పడలేదేమో? అప్పుడు ఇంటికి వచ్చినతను పొరపాటు చెప్పాడేమో? ఎక్కడో దిగి ఉంటాడేమో మా నాన్న? నువ్వు ఇన్ని విమానాలు చూశావు. నువ్వు చెప్పు."

ఎంత తేలికైన మాట. దిగే ఉంటారు బామ్మగారూ అంటే చాలు. ఆ ముసలి ముఖం వెలిగిపోతుంది. తను చేసిన తప్పు కూడా కొంచెం తగ్గినట్టు ఉంటుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

కిరణ్మయి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నాకు తెలియదు బామ్మగారూ."

తాయారమ్మగారు దాని ముఖంలోకి చాలాసేపు చూసింది. ఇంకేదైనా అంటుందేమోనని చూసింది.

"తెలీదు" అని తనూ ఒకసారి అంది ముసలావిడ. "ఎవరికీ తెలీదు." అప్పుడు ఏడ్చింది. గట్టిగా, ఏడేళ్ళ పిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది.

కిరణ్మయికి ఏం చేయాలో తోచలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు. అమ్మ గుమ్మంలో నిలబడి ఇంటికి రమ్మని రెండుసార్లు పిలిచింది. అది తల అడ్డంగా ఊపి అక్కడే కూర్చుంది.